పక్షుల పేరు చెప్పి

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. నేను చూడని క్షణంలో నావాళ్లెవరికో ఏదో అయిపోతుందని.

చూస్తున్నంతసేపూ ఏమీ కాదు. అది నా నమ్మకం. పాలసీసా కోసం అటు తిరిగానా, అప్పుడే ఏదో గొంతులో అడ్డం పడుతుంది, ఏదో మీద పడుతుంది. మా పాప హ్యాటీ పుట్టిన దగ్గర్నుంచీ ఈ భయం నాతోనే లేచేది, నాతోనే అన్నం తినేది. అయితే అప్పటిదాకా నేను కాపలా కాయాల్సింది హ్యాటీ ఒక్కదాన్నే. ఆ వేసవిలో మా మామగారు కూడా తోడయ్యారు. ఇద్దరిలో హ్యాటీయే నయం. నెలల పిల్ల, పాకితే మాత్రం ఎంత దూరం పాకుతుంది? మా మామగారికి ఒక పెద్ద ట్రాక్టరు, దాని వెనక తగిలించే కోత యంత్రం, అవి కాక పెరట్లో గడ్డి కోసే చిన్న బండి ఉండేవి.

ఆయన పేరు వెర్లిన్. మేము ఆయన ఇంటి పక్కనే ట్రైలర్ ఇంట్లో ఉండేవాళ్లం. ముందటి శీతాకాలంలో మా అత్తగారు ఆర్లిస్ పోయారు. పోయే ముందు ఆవిడ ఎవరితోనూ పెద్దగా చర్చించకుండా, తన పుట్టింటి నుంచి వచ్చిన పొలాన్ని ప్రభుత్వం వారి గడ్డి పథకంలో పెట్టేశారు. పొలం దున్నకుండా, గడ్డి చల్లి వదిలేస్తే ఏటా అద్దె ఇస్తారు. మట్టి కొట్టుకుపోదు, వాగు బురద కాదు, అడవికోళ్లు గూళ్లు పెట్టుకుంటాయి. ఒప్పందం పదేళ్లు. ఒకటే గట్టి షరతు. పక్షులు పొదిగే కాలంలో, అంటే మే నెల మొదట్నుంచి ఆగస్టు వచ్చేదాకా, ఆ పొలంలో యంత్రం దిగకూడదు. దిగిందా, అప్పటిదాకా ఇచ్చిందంతా వడ్డీతో సహా కక్కాలి. ఆ అద్దెతోనే చలికాలం మా గ్యాసు ట్యాంకు నిండేది, భూమి పన్ను కట్టేది. వెనక్కి కట్టమంటే అమ్ముకోవడానికి మాకున్నది ఆ పొలమే.

మా ఆయన కర్టిస్ గాలిమరల స్తంభాలెక్కి మరమ్మతులు చేసే పనిలో ఉండేవాడు. సోమవారం వెళ్తే శుక్రవారం రావడం. ఏప్రిల్ చివర్లో బండెక్కుతూ నాతో అన్నాడు.

"మా నాన్న మీద ఓ కన్నేసి ఉంచు. ఆ పొలంలోకి ట్రాక్టరు దింపనివ్వకు."

"నా వల్ల ఏమవుతుంది? ఆయన నా మాట వింటారా?"

"నా మాట మాత్రం విన్నారా ఎప్పుడైనా? నువ్వు కంగారుపడుతూ కూర్చో చాలు. అది నీకెలాగూ అలవాటేగా."

అని నవ్వి వెళ్లిపోయాడు. నేను వెంటనే వెళ్లి పెద్ద ట్రాక్టరు తాళంచెవి తీసి, హ్యాటీ విప్పేసిన డైపర్లు పడేసే డబ్బా అడుగున దాచాను. యాభై ఏళ్లు పందుల్ని పెంచిన మనిషే అయినా అందులో చెయ్యి పెట్టే ధైర్యం మా మామగారికి లేదని నాకు తెలుసు.

* * *

గడ్డి పొలం మొదటి ఏడాది రెండేళ్లూ చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. చల్లిన గడ్డి నింపాదిగా వేళ్లు దించుకుంటూ ఉంటే, చల్లని కలుపంతా ముందు లేచి నిలబడుతుంది. మా పొలం రోడ్డు పక్కనే. చర్చికి వెళ్లే ప్రతి బండీ దాన్ని దాటుకునే వెళ్లాలి.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక కింద హాల్లో అందరం కాఫీ తాగుతున్నాం. మా పక్క పొలం ఓర్విల్ తన కప్పు పట్టుకుని వచ్చి మా మామగారి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బస్సులో బడికి వెళ్లినవాళ్లు.

"ఏరా వెర్లిన్, ఈ ఏడు ఏమీ వెయ్యలేదట?"

"లేదు."

"ఎలా ఉందేం పంట? ఎకరానికి ఎన్ని బస్తాల 'ఏమీ లేదు' రాలుతుందంటావ్?"

బల్ల మొత్తం ఘొల్లుమంది. ఇంకెవరో అందుకున్నారు. "వడగళ్లు పడితే ఆ 'ఏమీ లేదు' పాడైపోతుంది కదా, ఇన్సూరెన్సు చేయించావా?"

"గోదాములో చోటు అట్టేపెట్టమంటావా?" మళ్లీ ఓర్విల్.

ఓర్విల్ భార్య లవాన్ కలగజేసుకుంది. "ఇక చాల్లెండి. ఆయన పెళ్లాం పోయి ఆర్నెల్లు కాలేదు." నా వైపు తిరిగి చేతులు చాపింది. "ఏదీ, బంగారుతల్లిని ఇలా ఇవ్వు, నువ్వు వేడిగా కాఫీ తాగు."

"దీనికి జలుబండీ," అన్నాను. ప్రతి ఆదివారం అదే చెప్పేదాన్ని. లవాన్ ఆరోగ్యం మీద నాకెంత శ్రద్ధో అనుకుని ఉంటుంది పాపం. నా బిడ్డని నేను ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మా మామగారే నడిపారు. పొలం దగ్గరికి రాగానే బండి నెమ్మది చేశారు.

"యాభై ఏళ్లు దున్నాను పిల్లా. నా సాళ్లు చూసి, గీత గీశాడ్రా అనేవాళ్లు. ఇవాళ పాస్టరుగారు పక్కకి పిలిచి నాకోసం ప్రార్థన చేస్తానన్నాడు. కలుపు చూసి!"

"రూలు కదా మామయ్యా."

"తెలుసు. రూలే. పక్షులు," అన్నారు, అదేదో ఊళ్లో కొత్తగా దిగిన కుటుంబం పేరులా.

అవమానం జరిగితే కొందరు తాగుతారు, కొందరు పోట్లాడతారు. మా మామగారు గడ్డి కోస్తారు. చిన్న బండెక్కి ముందు తన పెరడు కోశారు. తర్వాత మా ట్రైలర్ చుట్టూ, పొద్దున్నే, హ్యాటీకి అప్పుడే కునుకు పట్టిన సమయంలో. తర్వాత గ్యాసు ట్యాంకు చుట్టూ. చర్చి ఆవరణ. శ్మశానం. ఒకరోజు ఓర్విల్ ఇంటి ముందు కూడా అడక్కుండా కోసి వచ్చేశారు. అది కోపమో స్నేహమో ఓర్విల్‌కి ఈనాటికీ తెలీదు.

కోయడానికి ఇంకేమీ మిగలక, రోడ్డు పక్క గట్టు మీద పడ్డారు. గట్టు కోయొచ్చు, అది పథకంలో లేదు. పాత కంచె గుంజల లోపలున్నదే పథకం పొలం. కానీ ఆయన కోసిన జాగా రోజుకో జానెడు లోపలికి జరుగుతోందని నా అనుమానం. నేను గుంజలకి ఇవతల కర్రలు పాతి, వాటికి హ్యాటీ గులాబీరంగు సాక్సులు తొడిగాను. ఇవి దాటొద్దు మామయ్యా అని చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపారు.

మర్నాడు చూస్తే సాక్సులు గుంజలకి దగ్గరగా జరిగి ఉన్నాయి. ఆ మర్నాడు ఇంకాస్త.

"మామయ్యా, ఆ కర్రల్ని ఎవరు జరిపారు?"

"గాలి అయ్యుంటుంది."

మా హ్యాటీ కంటే ముందు దాని సాక్సులు నడక నేర్చుకున్నాయి.

* * *

ఇక ఉండబట్టలేక పిల్లని వెనక సీట్లో కట్టుకుని కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి వెళ్లాను. ఆఫీసులంటే నాకు భయం. హ్యాటీ కడుపులో పడ్డాక పదకొండో తరగతి మధ్యలో బడి మానేశాను. బల్ల అవతల కూర్చున్నవాళ్లెవరైనా నన్ను ఏదో లెక్క చెయ్యమంటారేమో అనిపిస్తుంది. అక్కడ పనిచేసే రోవీనా బల్ల మీద పిప్పరమెంట్ల గిన్నె పెట్టుకుని, అందులోంచి తనే తింటూ ఉంది.

"ఒక సంగతి అడగాలండీ," అన్నాను. "మావాళ్లు కాదు. తెలిసినవాళ్లు. పక్షుల కాలంలో ఓ ముసలాయన కాస్త అంచు కోస్తే..."

"వెర్లిన్ ఎంత కోశాడు?"

నేను హ్యాటీ జుట్టు సవరించాను.

"గుంజలు దాటాడా?" అంది.

"ఇంకా లేదండీ. రోజూ దగ్గరికి వస్తున్నారు."

"దాటితే మాత్రం నేను రాయాల్సిందేనమ్మాయ్. ఆర్లిస్ నాకెంత కావలసిన మనిషైనా రాయాల్సిందే." ఇంకో పిప్పరమెంటు నోట్లో వేసుకుని నా వైపు కాసేపు చూసింది. "అసలావిడ ఆ పొలం ఎందుకు పెట్టిందో తెలుసా నీకు?"

"పక్షులకి కదండీ."

రోవీనా నవ్వింది. "తన జబ్బు సంగతి తెలిశాక వచ్చింది, నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుంది. వెర్లిన్ గుండె బాగాలేదు, రోజూ నడవమన్నాడు డాక్టరు, ఆయన పోస్టుబాక్సు దాకా కూడా ట్రాక్టరు మీదే వెళ్తాడు, నేను పోయాక ఆ సీటు మీదే పోతాడు అంది. మగాణ్ని ట్రాక్టరు మీంచి దింపే పథకం ఏదైనా ఉందా మీ దగ్గర అని అడిగింది. అలాంటిది లేదు ఆర్లిస్, ఉన్నది పక్షులకే అన్నాను. కాసేపు ఆలోచించి, సరే, పక్షులే కానియ్ అంది."

హ్యాటీ పిప్పరమెంట్ల గిన్నె లాగబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆయనకి చెప్పకు," అంది రోవీనా. "చెప్తే పంతానికి రేపే కోసేస్తాడు. ఒక పని చెయ్యి. ఆ పొలంలో ఊదాపూల ముళ్లమొక్కలున్నాయి. వాటిని పీకించడం చట్టం. పక్షుల కాలమైనా సరే, యంత్రం లేకుండా మనిషి నడిచి వెళ్లి పారతో తవ్వొచ్చు. నేను అనుమతి రాసిస్తాను. ఆయనకి ఆ పని ఒప్పజెప్పు."

ఆ సాయంత్రం చెప్పాను. మా మామగారు పార వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు.

"నడిచా? అంత పొలం నడిచా?"

"ఓర్విల్‌గారు అంటున్నారు, మన ముళ్లవిత్తనాలు గాలికి ఎగిరి వాళ్ల సోయాలో పడుతున్నాయట."

ఓర్విల్ ఆ మాట అనలేదు. కానీ అనదగ్గ మనిషే. మా మామగారు పార అందుకున్నారు.

* * *

అలా మొదలైంది. రోజూ పొద్దున కాఫీ తాగి, పార భుజాన వేసుకుని వెళ్లేవారు. జూన్ వచ్చేసరికి గడ్డి ఛాతీ ఎత్తయింది. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన కనబడేవారు కాదు, విత్తనాల కంపెనీవాళ్లిచ్చిన ఎర్ర టోపీ ఒక్కటే గడ్డి మీద తేలుతూ కనబడేది. టోపీ కదిలితే నాకు ఊపిరి ఆడేది. ఆగితే నా ఊపిరీ ఆగేది. అప్పుడు బయటికి పరిగెత్తి బండి హారన్ కొట్టేదాన్ని. మా వైపు దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ స్టీరింగు మీంచి చూపుడువేలు లేపి పలకరించడం అలవాటు. అలాగే గడ్డిలోంచి ఒక వేలు లేచేది. బతికే ఉన్నానని అర్థం.

"రోజుకి ఎన్నిసార్లు కొడతావు పిల్లా ఆ హారన్? వేలు నొప్పెడుతోంది," అనేవారు మధ్యాహ్నం భోజనం దగ్గర.

"మీరు ఆగకుండా ఉంటే నేను కొట్టను."

"ముళ్లమొక్క తవ్వాలంటే ఆగాలిగా."

ఆయన అన్నం బాగా తింటున్నారు. హ్యాటీకి బంగాళాదుంప నలిపి పెడుతూ, ఈశాన్యం మూల ఒక అడవికోడిపెట్ట పొదుగుతోందని, తనని చూసి కూడా కదలదని, ఆర్లిస్ కంటే మొండిదని చెప్పేవారు. పెరట్లో గడ్డి పెరిగింది. చిన్న బండి మీద ధూళి పడింది.

జూన్ చివర్లో ఎండ విరగకాసింది. ఇవాళ వద్దు మామయ్యా అన్నాను. ఆ మూల ఒక్కటీ అయిపోతే అని వెళ్లారు. నేను హ్యాటీ డైపరు మార్చాను. అంతే. అంతసేపే. తలెత్తి చూస్తే టోపీ లేదు.

హారన్ కొట్టాను. వేలు లేవలేదు. మళ్లీ కొట్టాను. తర్వాత నాకు తెలిసింది నేను గడ్డిలో పరిగెత్తుతున్నానని, డైపరు ఒకవైపే అంటించిన హ్యాటీ నా చంకలో ఉందని. ఆయన నేలమీద కూర్చుని ఉన్నారు. మొహం బూడిదరంగు.

"నాకేం కాలేదు. కాస్త కూర్చున్నా," అన్నారు. ఊపిరి అందడం లేదు.

"మాట్లాడకండి మామయ్యా!"

"అటు కాలు పెట్టకు. గూడుంది."

మా ఊరి అంబులెన్సు నడిపేది కూడా ఊరివాళ్లే, వంతులవారీగా. ఆ రోజు వంతు ఓర్విల్‌ది. స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తూ కూడా ఓర్విల్ నోరు ఊరుకోలేదు. "ఏరా, ఏమీ పండించకుండానే ఇంత అలిసిపోయావేంట్రా?"

మా మామగారు ఆక్సిజన్ ముసుగు కిందనుంచే ఏదో తిట్టారు. అది వినగానే నాకు ఏడుపొచ్చింది.

* * *

గుండె రక్తనాళంలో చిన్న గొట్టం పెట్టి, కొన్నాళ్లు ఉంచుకుంటామన్నారు ఆసుపత్రివాళ్లు. కర్టిస్ వచ్చి చూసుకుని, మళ్లీ పనికి వెళ్లాడు. నేను ఇంటికొచ్చాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరైనా జబ్బుపడితే చుట్టుపక్కలవాళ్లు అడగరు, చెప్పరు. ఒకరోజు పొద్దున్నే యంత్రాలేసుకుని వచ్చి ఆ ఇంటి పొలంపని మొత్తం చేసేసి, తెచ్చుకున్న భోజనం తినేసి వెళ్లిపోతారు. కోతల కాలంలో కాలు విరిగినవాడి మొక్కజొన్న అలా ఒక్క పూటలో ఇంటికి చేరడం నేను చూశాను. కళ్లనీళ్లు తిరిగేంత అందంగా ఉంటుంది.

ఆ గురువారం పొద్దున కిటికీలోంచి చూస్తే కంకర రోడ్డు మీద దుమ్ము. దుమ్ములోంచి ఒక ట్రాక్టరు, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. ప్రతిదాని వెనకా కోత యంత్రం. చివర లవాన్ కారు, అందులో హామ్ శాండ్‌విచ్‌ల పళ్లేలు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మంచి చేయడానికి వచ్చారు. వెర్లిన్ పరువు తీస్తున్న ఆ పొలాన్ని అందరూ కలిసి నున్నగా గొరిగి పెట్టడానికి వచ్చారు. చుట్టూ పొలాలున్న ఈ రైతుల్లో ఒక్కరూ తమ భూమి పథకంలో పెట్టినవాళ్లు కారు. షరతు సంగతి విని ఉంటారు, పట్టించుకుని ఉండరు.

పిల్లని చంకనేసుకుని కంచె తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"వద్దండీ! మీరు శ్రమపడొద్దు!"

"శ్రమేముందమ్మా," అన్నాడు ఓర్విల్, సీటు మీంచి వంగి. "పూటలో అయిపోతుంది."

"అది కాదండీ, నిజంగా వద్దు."

"అలాగే అంటావు. వద్దనడం నీ ధర్మం, మా పని మేం చేస్తాం."

"బాబ్బాబు, కోయకండి!"

"ఎంత మంచి పిల్లో చూడు," అని వెనక ట్రాక్టరువాడితో అన్నాడు.

మా దగ్గర మూడుసార్లు వద్దనకుండా కేకుముక్క కూడా ఎవరూ తీసుకోరు. నేను ఎంత గట్టిగా వద్దంటే అంత మర్యాదస్తురాలిని అయిపోతున్నాను. నాలుగోసారి పక్షులు, రూలు అని అరిచాను.

"ఎవరు చూస్తార్లేమ్మా? రోవీనా మా మేనకోడలే," అన్నాడు ఓర్విల్, గేరు వేస్తూ.

రాస్తానన్న రోవీనా మొహం నా కళ్లముందు మెదిలింది. ట్రాక్టరు కదిలింది. చంకలో హ్యాటీ ఉండగా దానికి ఎదురు నిలబడలేను. పక్కన చూస్తే లవాన్ శాండ్‌విచ్‌లు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ పళ్లెం కింద పెట్టండి," అన్నాను. ఆవిడ పెట్టింది. హ్యాటీని ఆవిడ చేతుల్లో పెట్టాను.

"దీనికి జలుబు కదూ?"

"లేదు. ఎప్పుడూ లేదు."

వెళ్లి కంచె తలుపుకి అడ్డంగా, దుమ్ములో, ఓర్విల్ ట్రాక్టరు ముందు చతికిలబడ్డాను.

మా కౌంటీలో నలుగురిలో గొంతు పెంచేవాళ్లే అరుదు. దారికి అడ్డంగా నేలమీద కూర్చున్న ఆడపిల్లని నేనెప్పుడూ చూడలేదు, వాళ్లూ చూసి ఉండరు. ఓర్విల్ ఇంజను ఆపాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరే ఆపారు. ఎవరూ నా మొహంలోకి చూడటం లేదు. అందరూ తమ టోపీల వైపు, బూట్ల వైపు చూసుకుంటున్నారు.

చెప్పకూడదనుకున్నది చెప్పేశాను. ఆర్లిస్ ఆ ఆఫీసుకి ఎందుకెళ్లారో, ఏం అడిగారో, పక్షులే కానియ్ అని ఎలా అన్నారో. ఈ పొలం కోస్తే పొలమే పోతుందని, ఆవిడ మాట కూడా పోతుందని. ఏడుస్తూ చెప్పానో, అరుస్తూ చెప్పానో గుర్తులేదు.

ఓర్విల్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

"నాలుగుసార్లు వద్దన్నానండీ!"

"మర్యాదకి అంటున్నావనుకున్నాం."

ఇప్పుడు వాళ్ల కష్టం చూడాలి. ఇంత దూరం వచ్చి, పని చెయ్యకుండా ఒక ఇంటి భోజనం తినడం మా మగవాళ్లకి చేతకాదు, ఆ భోజనం తాము తెచ్చుకున్నదే అయినా. ఒకర్నొకరు చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి ఓర్విల్ అడిగాడు.

"మరి వెర్లిన్ లోపల ఏం చేస్తున్నాడు రోజూ?"

"ముళ్లమొక్కలు. పారతో."

ట్రాక్టర్ల మీంచి పారలు దిగాయి. వరసగా నిలబడి, గడ్డిలోకి నడిచారు. కాసేపట్లో టోపీలే మిగిలాయి, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. అందరికీ మోకాళ్ల నొప్పులే. మూలుగులు రోడ్డు దాకా వినిపించాయి.

"అబ్బా, నడుం! వీడు రోజూ ఇదే చేస్తున్నాడా?"

"'ఏమీ లేదు' పండించడం ఇంత కష్టమని నాకేం తెలుసు?" అది ఓర్విల్ గొంతు.

"ఇటు రాకండ్రా, ఇక్కడ గూడుంది!"

నేను లవాన్ పక్కన కూర్చుని శాండ్‌విచ్ తిన్నాను, రెండోది కూడా తిన్నాను. హ్యాటీ వైపు చాలాసేపు చూడలేదని తర్వాత గుర్తొచ్చింది. చూస్తే లవాన్ భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

* * *

మా మామగారు ఇంటికి వచ్చిన రోజు బండి దిగి నేరుగా కంచె దగ్గరికి నడిచారు. గుంజ మీద చెయ్యేసి చాలాసేపు చూశారు. పొలంలో ఊదాపువ్వు ఒక్కటీ లేదు. ఓర్విల్ ఆసుపత్రికి వెళ్లి అంతా వాగేశాడని నాకు అప్పటికే తెలుసు.

"ఆర్లిస్‌కి పక్షులంటే పడవు, తెలుసా?" అన్నారు. "ఆరేసిన దుప్పట్ల మీద రెట్ట వేస్తాయని చీపురు పట్టుకుని తరిమేది."

ఆయన ఎర్ర టోపీ తీసి, లోపలి పట్టీలో వేలు పెట్టి, చిన్న తాళంచెవి ఒకటి బయటికి తీశారు. పెద్ద ట్రాక్టరుది.

"ఇదెక్కడిది?"

"మారుతాళం చెవి. ఏప్రిల్ నుంచీ ఇందులోనే ఉంది."

ఆ వేసవంతా కిటికీలోంచి నేను కళ్లు కాయలు కాసేలా చూసిన ఆ టోపీలో.

"మరెందుకు వాడలేదు?"

"నువ్వు పాపం ఆ డైపర్ల డబ్బాలో చెయ్యి పెట్టి మరీ దాచావు. అంత కష్టపడ్డదాన్ని కాదని వెళ్తే బాగుండదనిపించింది." తాళంచెవి నా చేతిలో పెట్టారు. "దీన్ని కూడా అందులోనే పడెయ్. పార ఎక్కడుంది?"

"డాక్టరు ఇంకా కొన్నాళ్లు ఆగమన్నాడు మామయ్యా."

"చూడ్డానికేలే," అన్నారు.

* * *

ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పుడు మళ్లీ జూన్. రెండో బిడ్డ తొందరపడుతోందని, కాన్పు దాకా కదలొద్దని నన్ను నగరంలో ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టారు. కర్టిస్ స్తంభాల మీద ఉన్నాడు. హ్యాటీ లవాన్ దగ్గరుంది, దాని గురించి నేను అనుకున్నంత భయం వెయ్యడం లేదు. కానీ ఇక్కడి కిటికీలోంచి కార్లు నిలబెట్టే స్థలమే కనిపిస్తుంది. ఎర్ర టోపీ కనిపించదు. ఓర్విల్ చూస్తానన్నాడు గానీ, ఆయన చూడటమంటే బండాపి ముళ్లమొక్కల వేరు గురించి పొద్దుగూకేదాకా వాదించడమే. ఎవరికి ముందు గుండె ఆగుతుందో చెప్పలేం.

అందుకని, మీలో ఎవరైనా అటువైపు వెళ్తే ఒక్క ఉపకారం చెయ్యండి. టోల్‌స్టాడ్ ఊరు దాటాక ధాన్యం గోదాము, దాని తర్వాత ఎడమకి కంకర రోడ్డు. గడ్డి కోయకుండా వదిలేసిన పొలం అదొక్కటే, కనిపెట్టడం కష్టం కాదు. బండి ఆపి హారన్ కొట్టండి. గడ్డిలోంచి ఒక వేలు లేస్తే మీ దారిన మీరు వెళ్లొచ్చు. లేవకపోతే దిగి చూడండి, గూళ్లు చూసుకుని నడవండి. మంచినీళ్లు కావాలా, నీడకి తీసుకెళ్లాలా అని అడగండి. వద్దంటారు. మళ్లీ అడగండి. మూడుసార్లు వద్దన్నా వదిలిపెట్టకండి, నాలుగోసారి కూడా అడగండి.